నాలుగు నుఖ్తాలు

మా అబ్బా రాత్రి రెండింటికి లేచి చెప్పులు వెతుక్కుంటాడు. డ్యూటీకి టైమైందంటాడు. ఆయన రిటైరై ఎన్నేళ్లయిందో ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. మొదట్లో అమ్మీ వాదన పెట్టుకునేది. "కహాఁ జాతే జీ? నౌకరీ ఖతమ్ హోకే కిత్తే సాల్ హోగయే!" అని. ఆయన నమ్మేవాడు కాదు. ఆలస్యమైతే మాస్టర్ సాబ్ ఊరుకోడని కంగారుపడేవాడు. ఒకసారి ఫజర్ అజాన్‌కి ముందే గడియ తీసుకుని వీధి చివరిదాకా వెళ్లిపోయాడు. పాలబ్బాయి గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అబ్బా చేతిలో టార్చిలైటు ఉంది. అందులో బ్యాటరీలు లేవు. అప్పట్నుంచి గేటుకి తాళం. తాళంచెవి అమ్మీ తలగడ కింద.

డాక్టరు డిమెన్షియా అన్నాడు. అమ్మీ మాత్రం "యాదాష్త్ కమ్‌జోర్ హోగయీ" అంటుంది, నాలుగు బాదంపప్పులు నానబెట్టి పెడితే సర్దుకునే సంగతిలాగా. రోజూ పెడుతుంది కూడా.

ఇప్పుడు రాయబోయేది జబ్బు గురించి కాదు. మా ముందు గదిలో ఎనిమిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ప్లైవుడ్ పలక మీద నేను కట్టుకుంటున్న బొమ్మ రైల్వే స్టేషను గురించి. నలభై దాటిన మనిషికి ఇదేం షౌక్ అని మా బేగం మొదటిరోజే అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆరేడేళ్ల కిందట పత్రిక పని మీద పుణె వెళ్లినప్పుడు కొత్రూడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూశాను. ఒక గదిలో ఒక ఊరు, ఊరి చుట్టూ రైళ్లు. చుట్టూ నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. నేను మాత్రం సిగ్నల్ స్తంభం దగ్గర ఆగిపోయాను. దాని చెయ్యి టక్కున కిందికి వాలింది. ఎప్పుడో చిన్నప్పుడు విన్న తీగ చప్పుడు, రాడ్లు కదిలిన చప్పుడు వినబడ్డట్టయింది. ఆ రాత్రి లాడ్జీలో కాగితం తీసుకుని మా స్టేషను పటం గీశాను. గీస్తుంటే సగం గుర్తులేదు.

మా స్టేషనంటే కామారెడ్డికీ నిజామాబాద్‌కీ మధ్య ఒక చిన్న స్టేషను. పేరు రాయను. ఆ ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు నా రాతలు చదువుతారు. బావి ఇటు కాదు అటు అని ఫోన్లు మొదలవుతాయి. ఆ గొడవ ఇప్పటికే మా ఇంట్లో ఒకటి నడిచింది, చెబుతాను. పల్లితో ముగిసే పేరు. ఆ లైనులో చాలా పేర్లు అంతే.

అప్పుడది మీటర్ గేజ్. కాచిగూడ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్‌దాకా నిజాం హుకూమత్‌లో వేసిన లైను. ఇప్పుడు మనం రోజూ చూసే పెద్ద లైనులో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. మీటర్ గేజ్‌లో పేరులో ఉన్నట్టే 1000. దేశమంతా ఒకటే గేజ్ ఉండాలని 1992లో ప్రాజెక్ట్ యూనిగేజ్ మొదలుపెట్టారు. మావైపు వచ్చేసరికి 2000 దాటింది. చిన్న పట్టాలు లేపి పెద్దవి వేశారు. పాత రాతి కట్టడం పోయి కొత్త బిల్డింగు వచ్చింది. మంచిదే, రైళ్లు పెరిగాయి. కానీ నేను కట్టాలనుకున్నది అక్కడ ఇప్పుడు లేదు. మా దగ్గర ఫోటో కూడా లేదు. స్టేషన్లో ఫోటో దిగాలని మాకెవరికి తోచింది?

బొమ్మరైళ్లలో ఎక్కువమంది వాడేది హెచ్.ఓ. స్కేలు. అసలుదానిలో 87వ వంతు. అడుగంటే మూడున్నర మిల్లీమీటర్లు. ఏడడుగుల తలుపు రెండున్నర సెంటీమీటర్లకి కాస్త తక్కువ. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి రెండు సెంటీమీటర్లు. ఈ లెక్కన 600 అడుగుల ప్లాట్‌ఫాం కట్టాలంటే దాదాపు ఏడడుగులు కావాలి. నా పలకే ఎనిమిది. అందుకని ప్లాట్‌ఫాంని రెండున్నర అడుగులకి కుదించాను. ఇంజను, రెండు పెట్టెలు పడతాయి. ఒక చివర మడతపెట్టే చెక్క ఉంది, రైలు దాక్కునే చోటు. ఇలా కుదించడంలో ఒక మర్మం ఉంది. తలుపు, మెట్టు, బెంచీ కొలతల్లో అబద్ధం చెప్పకూడదు. దూరాల్లో చెప్పొచ్చు. తలుపు సైజు తప్పితే కన్ను వెంటనే పట్టుకుంటుంది. ప్లాట్‌ఫాం సగమైనా పట్టించుకోదు.

మీటర్ గేజ్‌ని 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు రావాలి. బజారులో దొరికేది 12. అది కూడా మన కోసం చేసింది కాదు. స్విట్జర్లాండ్ కొండల్లో తిరిగే రేషియన్ రైల్వే మీటర్ గేజ్. దాని బొమ్మల్ని జర్మనీలో బేమో అనే కంపెనీ చేస్తుంది. బేగం తమ్ముడు దుబాయిలో ఉంటాడు. వాడి చేత ఎవరో వాడి అమ్మేసిన ఇంజను ఒకటి తెప్పించాను. మంచులో తిరగాల్సిన ఎర్ర ఇంజను. దాని పైతొడుగు తీసేసి, ప్లాస్టిక్ షీటు కోసి, వైడీఎమ్-4 డీజిల్ ఇంజను ఒళ్లు కట్టాను. జానెడుంటుంది. అసలు వైడీఎమ్-4కి ముందు మూడు జతలు, వెనక మూడు జతల చక్రాలు. స్విస్ ఇంజనుకి రెండేసి. మూడో జత నేను అంటించిన దిఖావా. తిరగదు. తెలిసినవాళ్లు వంగి చూస్తే దొరికిపోతాను.

కట్టడం గోడలు ఫోమ్ షీటుతో చేశాను. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో రాళ్ల గీతలు గీకాను. ఇలా గీకి, బూడిదరంగు పూసి, పల్చటి నల్లనీళ్లు ఒకసారి పోసి తుడిస్తే గీతల్లో మాత్రం నలుపు నిలుస్తుంది. గోడకి వయసొస్తుంది. పట్టాల కింద కంకర కోసం క్రషర్ దగ్గర్నుంచి రాతిపొడి తెచ్చి అమ్మీ చాయ్ జల్లెడతో జల్లించాను. ఆ జల్లెడ మళ్లీ వంటింట్లోకి పోలేదు. దాని మీద రెండ్రోజులు మాటల్లేవు. కంకర పోశాక నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి చిలకరించాలి. లేకపోతే ఫెవికాల్ నీళ్లు పైనే ముత్యాల్లా నిలబడతాయి, లోపలికి దిగవు. ఈ సబ్బు చుక్క సంగతి తెలియక మొదటి అడుగున్నర లైను పాడుచేసుకున్నాను.

మిగతా సామానంతా ఇంట్లోనే దొరికింది. వాడేసిన చాయ్‌పత్తీ ఎండబెడితే చెట్టు కింద రాలిన ఆకులు. బాగా ఎండకపోతే బూజు పడుతుంది, ఒకసారి పట్టింది. ఇంటిముందు అలికే జాజు పొడి పట్టాల పక్కల తుప్పు. సుర్మా అయితే అద్భుతం. ఇంజను పైన పొగ గొట్టం చుట్టూ వేలితో రాస్తే అచ్చం డీజిల్ మసి. నీళ్ల ట్యాంకు కింద పచ్చదనం కోసం మెహందీ పొడి చల్లాను. ఫెవికాల్ తడికి మూడో రోజుకల్లా గోధుమరంగుకి తిరిగింది. తిట్టుకున్నాను గానీ, చూడగా చూడగా మే నెల గడ్డి అదే రంగు కదా అనిపించి వదిలేశాను.

వేపచెట్టు గొడవ ఇక్కడ వచ్చింది. పాత కేబుల్ లోపలి రాగితీగలు మెలేసి చెట్టు చేశాను. మా క్వార్టర్ ముందు నాటాను. నిజామాబాద్ నుంచి ఆపా వచ్చి చూసి, "యే ఝాడ్ యహాఁ నక్కో" అంది. లాంప్ రూము వెనక ఉండేదంది. నేను ఒప్పుకోలేదు. రోజూ దాని కింద ఆడినవాణ్ణి నేను. ఆపా మోచెయ్యి చూపించింది. ఝూలా మీంచి పడి, లాంప్ రూము కిరోసిన్ పీపా అంచుకి తగిలి కోసుకున్న మచ్చ. క్వార్టర్ ముందు ఝూలా కట్టి ఉంటే పీపా ఎలా తగులుతుంది? పెకలించి వెనక నాటాను. అయితే నేను ఆడుకున్న చెట్టేది? అది ఇప్పటికీ తేలలేదు.

అబ్బా ఆ స్టేషన్లో పాయింట్స్‌మన్. ఉర్దూలో కాంటేవాలా. లైను రెండుగా చీలేచోట పట్టాని ఇటూ అటూ మార్చే మనిషి. ఒకటే లైను గనక ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లలో ఒకటి పక్క లైనులో ఆగి రెండోదానికి దారివ్వాలి. టోకెన్ ఉంటేనే డ్రైవరు ముందుకు పోవాలి. టోకెనంటే ఒక ఇనుప బంతి. దాన్ని తోలు సంచీలో పెట్టి, పెద్ద బెత్తం చక్రానికి కట్టి అందించేవాళ్లు. ఆగని రైలైతే అబ్బా ప్లాట్‌ఫాం అంచున చక్రం ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. ఇంజనులోంచి ఒక చెయ్యి దాన్ని లాక్కుపోయేది, పాత చక్రాన్ని కింద పడేసిపోయేది. నా చిన్నతనంలో అబ్బా కుడి చెయ్యి మోచేతి కింద ఎప్పుడూ కమిలే ఉండేది. అందరి అబ్బాల చేతులూ అలాగే ఉంటాయనుకునేవాణ్ణి.

ఒక మాట ఇక్కడ ఒప్పుకోవాలి. పదోతరగతిదాకా నాది ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఆ కాలేజీలో చేరే రోజు ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట "రైల్వే అధికారి" అని రాశాను. తెలుగు రాయడం వచ్చినందుకు నేను చేసిన మొదటి పని అది. సంతకం పెట్టడానికి అబ్బా నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. యూనిఫాం మీద స్వెట్టరు, బూట్ల నిండా కంకర దుమ్ము. క్లర్కు ఫారం చూసి, అబ్బాని చూసి, "మీరు రైల్వేలో ఆఫీసరా?" అన్నాడు. అబ్బాకి తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. నా వైపు చూశాడు. "హాఁ సాబ్" అన్నాడు. ఉర్దూలో సంతకం పెట్టాడు, నుఖ్తాలన్నీ తీరిగ్గా పెడుతూ. బయటికొచ్చాక చాయ్ తాగించి, రెండు ఉస్మానియా బిస్కట్లు కొనిచ్చి బస్సెక్కాడు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. మాఫీ అడగడానికి నాకో దారి దొరికేది. ఇప్పుడడిగితే ఆయనకి ఏ కాలేజీయో, ఏ ఫారమో.

పక్క లైను కోసం రెండు కాంటాలు పెట్టాను. పడమటి వైపుది బాగానే ఉంది. తూర్పు వైపు దగ్గర ఇంజను ప్రతిసారీ పట్టా దిగిపోయేది. చక్రాలు తుడిచాను. పట్టాల మధ్య దూరం కొలిచాను. ఇంజను తిప్పిపెట్టి నడిపాను. మూడు వారాలు అదే తంతు. నాది డెస్కు ఉద్యోగం. ఆఖరి ఎడిషన్ పంపి ఇంటికొచ్చేసరికి రాత్రి ఒకటిన్నర. అన్నం తిని కాసేపు దాని ముందు కూర్చునేవాణ్ణి.

ఆ రాత్రి కూడా కూర్చున్నాను. రెండయింది. వెనక చెప్పుల చప్పుడు. అబ్బా గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో టార్చి. ఇంతకుముందు పగటిపూట ఆయనకి ఈ స్టేషన్ని చాలాసార్లు చూపించాను. "అచ్ఛా హై" అని తలూపి వెళ్లిపోయేవాడు, ఎవరో పిల్లవాడి బొమ్మని మెచ్చుకున్నట్టు. ఆ రాత్రి మాత్రం లోపలికొచ్చాడు. బహుశా చీకట్లో ఒక్క టేబుల్ లైటు కింద ఉండడం వల్లనేమో. ఇంజను తూర్పు కాంటా దగ్గర పక్కకి ఒరిగి ఉంది.

"గిర్‌గయీ?" అన్నాడు.

"రోజూ పడుతోంది అబ్బా."

వంగాడు. ఇంజను వైపు చూడలేదు. నేను మూడు వారాలుగా చూస్తున్నది దాన్నే. ఆయన పట్టా మొన దగ్గర, కదిలే పట్టా వెళ్లి కదలని పట్టాకి ఆనుకునే చోట, చిటికెన వేలి గోరు పెట్టి నెమ్మదిగా రాశాడు. "బంద్ నై హువా. పత్థర్ హై దేఖ్" అన్నాడు.

భూతద్దం పెట్టి చూస్తే ఉంది. రెండు పట్టాల సందులో ఒకే ఒక్క ఇసుకరేణువంత కంకర, ఫెవికాల్‌తో అంటుకుని. సూదితో పెకలించాను. మొన తీసుకెళ్లి ఆనించాను. ఈసారి సందు లేకుండా కరుచుకుంది. ఇంజను ఆగకుండా పక్క లైనులోకి వెళ్లిపోయింది.

అబ్బా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిందంతా ఒక వరసలో చెప్పాడు. పొద్దున తిన్న నాష్తా గుర్తుండని మనిషి. మొదట దీపం పట్టాకి దగ్గరగా దించాలి, నిలబడి చూస్తే సందు కనబడదు. వానాకాలంలో కంకర జారి సందులో పడుతుంది. ముందు బూటు కాలితో, తర్వాత చేత్తో చూడాలి. రెండు మొనలూ చూడాలి, ఒకటి చూసి రెండోది బాగానే ఉంటుందనుకోవద్దు. తాళం వేసి, లాగి చూసి, చెవి తీసుకెళ్లి మాస్టర్ సాబ్ చేతిలో పెట్టాలి, బల్ల మీద కాదు. ఆ తర్వాతే సిగ్నల్ దించేది. "లోగ్ సోతే రహతే న గాడీ మే" అన్నాడు. బండిలో జనం నిద్రపోతూ ఉంటారు కదా అని. 

పద్దెనిమిదేళ్లు ఆ క్వార్టర్లో ఆయన పక్కన అన్నం తిన్నాను. ఇవేవీ నాకు తెలియదు. ప్రశ్నలు అడిగి జీతం తీసుకునే ఉద్యోగం నాది. మంత్రుల్ని అడిగాను, క్రికెటర్లని అడిగాను. రాత్రిపూట మీరక్కడ ఏం చేసేవారని అబ్బాని ఒక్కసారీ అడగలేదు.

చెప్పడం అయిపోయాక నా వైపు కాసేపు చూశాడు. "తుమారీ డ్యూటీ కబ్ తక్?" అని అడిగాడు. నన్నెవరనుకున్నాడో అర్థమైంది.

"ఆరింటిదాకా" అన్నాను.

"తో మై సో జాతూఁ" అని లేచి వెళ్లి పడుకున్నాడు. ఫజర్‌దాకా లేవలేదు.

అప్పట్నుంచి కొన్ని రాత్రులు అలా వస్తాడు. కొన్ని రాత్రులు గేటు దగ్గరికే పోతాడు. ఇది షిఫా అని నేననడం లేదు. అమ్మీ మాత్రం బాదంపప్పుల వల్లే అంటుంది.

తర్వాత మనుషుల సంగతి వచ్చింది. హాంబర్గ్‌లో మినియాటుర్ వుండర్‌లాండ్ అని 2001లో మొదలైన పెద్ద బొమ్మ ప్రపంచం ఉంది, అదీ 87వ వంతే. వీడియోల్లో చూస్తే మనిషి బొమ్మలే లక్షల్లో ఉంటాయి. రైలు బొమ్మ కట్టేవాళ్లకి మనుషుల్ని నిలబెట్టడమే చివరి ముచ్చట. నేనూ ఒక ప్యాకెట్ తెప్పించాను. అమ్మీ చూసింది. ఇంట్లో ఇలాంటివుంటే రహమత్ ఫరిష్తేలు గడప తొక్కరని చెప్పి తస్బీ పట్టుకుని పక్కకి తిరిగింది. నేను పేష్ ఇమామ్ సాబ్‌ని అడిగాను. ఆయన నవ్వి, పిల్లల ఆటబొమ్మల విషయంలో ఉలమా అందరిదీ ఒకే మాట కాదన్నారు. హజ్రత్ ఆయెషా చిన్నప్పటి బొమ్మల ప్రస్తావన తెచ్చారు. తర్వాత, "లేకిన్ ఆప్ బచ్చే హైఁ క్యా?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అయినా ఒక్కటి చేశాను. చేయలేదని రాస్తే అబద్ధమవుతుంది. ప్యాకెట్లో ఉన్నవాళ్లంతా ఫిరంగీ కోట్లు, టోపీలు. ఒకణ్ణి తీసి టోపీ ఆకురాయితో అరగదీశాను. కోటు కత్తిరించాను. నీలం చొక్కా వేశాను. చేతికి సన్నటి తీగతో టోకెన్ చక్రం తగిలించాను. రెండు సెంటీమీటర్ల అబ్బా. ప్లాట్‌ఫాం అంచున నిలబెట్టి, అమ్మీ నమాజులో ఉన్నప్పుడు అబ్బాని పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు.

"కౌన్ హై యే?" అన్నాడు.

నా చెయ్యి బాగా రాలేదా, ఆయనకి గుర్తులేదా, తెలియదు. అడగలేదు. ఆ బొమ్మని తీసి డబ్బాలో పెట్టేశాను. ఇప్పుడు నా ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేరు. బెంచీ మీద మడిచిన దుప్పటి ఉంది, కుట్టుపనిలో మిగిలిన ఊలు ముక్క. కిటికీలో సురాహీ, దాని మీద బోర్లించిన గ్లాసు. మేకుకి టోకెన్ చక్రం. పంపు దగ్గర వుజూ లోటా, అది మట్టి పూస. తలుపు పక్కన నేల మీద హ్యాండ్ లాంప్. ఇప్పుడే ఎవరో ఇక్కడ పెట్టి లోపలికి వెళ్లినట్టు ఉంటుంది. అమ్మీ వచ్చి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు ఒక పాత చీర అంచు ముక్క తెచ్చి, "క్వార్టర్ దర్వాజాకి పరదా ఉండేది, మర్చిపోయావా?" అంది. మర్చిపోయాను. కట్టాను. అబ్బా ఆ లాంప్ చూసి, "కాంచ్ సాఫ్ నై కియే" అన్నాడు. అద్దం తుడవలేదట. తడి దూదితో తుడిచాను.

ఇక మిగిలింది పేరు బోర్డు. పసుపు మీద నల్ల అక్షరాలు, అడుగున సముద్రమట్టానికి ఎంత ఎత్తో. పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లీషు, అన్నిటికంటే కింద ఉర్దూ. నేను చదివిన మొదటి అక్షరాలు ఆ బోర్డువే. అలిఫ్, బే నేర్పడానికి అబ్బా నన్ను దాని కిందికి తీసుకెళ్లి ఒక్కో హర్ఫ్ మీద జెండా కర్ర పెట్టి చూపించేవాడు. ఆ పై వరసలో ఉన్నది తెలుగు అని, అది కూడా అదే పేరని, నాకు నేనే పట్టుకున్నాను. పై వరసలో పొట్ట కింద చుక్కలేవీ లేకపోయినా అదే పేరెలా అవుతుందని అబ్బాని అడిగితే, ఆయనకి ఆ వరస చదవడం రాదన్న సంగతి అప్పుడు తెలిసింది.

ఎనిమిదడుగుల బోర్డు బొమ్మలో 28 మిల్లీమీటర్లు. మూడు భాషలు కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీశాను. ఉర్దూ కూడా కొట్టాను గానీ నచ్చలేదు. ఆ బోర్డు రాసిన పెయింటరు పే ముందున్న అలిఫ్‌ని కొద్దిగా వాల్చి రాసేవాడు, చివరి యే పొట్ట బాగా లాగేవాడు. ఇన్‌పేజ్‌లో ఆ వంపు రాదు. చేత్తోనే రాయాలి. సన్న కుంచె తీసుకుంటే నా చూపు ఆనలేదు. చత్వారం. కళ్లజోడు మీద భూతద్దం పెట్టినా రెండు గీతలు కనబడుతున్నాయి.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఖురాన్ చదువుతుంది, అరబీ అక్షరాలు తెలుసు. ఉర్దూ చదవమంటే రాదు. ఇది నా తప్పే, ఆ ముచ్చట ఇంకోసారి. ఆ పిల్ల చెయ్యి నిలకడ. ఆదివారం పొద్దున టేబుల్ లైటు కింద కూర్చోబెట్టాను. నేను గీసిచ్చిన నమూనా చూసి గీతలు వేసింది. నుఖ్తాలు మిగిలాయి. ఆ పేరులో ఒక నూన్, ఒక పే. నూన్‌కి ఒకటి, పేకి మూడు. మొత్తం నాలుగు. బోర్డు మీద అంగుళం ఉండే చుక్క ఇక్కడ మిల్లీమీటరులో మూడోవంతు కూడా రాదు. కుంచె లావవుతుంది. సూది మొన నల్లరంగులో ముంచి తాకించాలి, నొక్కకూడదు.

అబ్బా వచ్చి పక్కన కూర్చున్నాడు. "క్యా లిఖ్‌రహీ బేటీ?" అన్నాడు.

"స్టేషన్ కా నామ్, దాదా."

ఆయన బోర్డు చూశాడు. పెదాలు కదిలాయి. నుఖ్తాలు లేని ఆ గీతల్ని, మా ఊరి పేరుని, పైకి చదివాడు. తర్వాత వేలు ఎత్తాడు, జెండా కర్రలాగా.

అమ్మాయికి అరబీలో పే ఉండదు. మూడు చుక్కలున్న అక్షరమంటే దానికి తెలిసింది సే, చుక్కలు పైన. సూది పైకి తీసుకెళ్లింది. "నీచే, బేటీ, నీచే" అన్నాడు అబ్బా. మా మౌల్వీ సాబ్ మాకు చెప్పేవారు, ఖే మీది నుఖ్తా కిందికి జారితే జీమ్ అవుతుంది, ఖుదా కాస్తా జుదా అవుతాడని. ఆ మాట అనబోయి ఊరుకున్నాను. వాళ్లిద్దరూ నన్ను చూడటం లేదు. ఒకటి పెట్టింది. రెండోది. మూడోది వాటి కింద, మధ్యలో. ఊపిరి బిగబట్టి పెట్టింది.

నూన్ దగ్గర సూదికి రంగు ఎక్కువైంది. చుక్క పడ్డాక కొద్దిగా పాకి, మిగతా మూడింటికంటే రెండింతలు లావైంది. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. మొత్తం చెరిపేసి మళ్లీ రాస్తానంది. నేను స్పిరిట్ సీసా కోసం లేచాను.

అబ్బా బోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"రహనే దో" అన్నాడు. "రాత్ కో డ్రైవర్ కో దూర్ సే దిఖ్నా న."